లేట్ నైట్ తరహా రాజకీయ వ్యంగ్యాన్ని తెలుగులో ఎలా తయారు చేసుకోవాలి?

అమెరికా టీవీలో రాత్రి వేళ వచ్చే రాజకీయ హాస్య కార్యక్రమాలను చూసేవారు మనలో చాలామందే ఉన్నారు. జాన్ స్టూవర్ట్, జాన్ ఆలివర్, సెత్ మేయర్స్ వంటివారిని చూసిన తరువాత వారు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: బల్ల వెనుక కూర్చుని, ఒక వార్తను పట్టుకుని, నవ్విస్తూనే దాని లోగుట్టు విప్పే అటువంటి ఐదారు నిమిషాల భాగాన్ని తెలుగులో మనమే తయారు చేసుకోవాలంటే ఏం చేయాలి? ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు. వెటకారం ఎలా చేయాలో తెలుగువారికి, అందులోనూ గోదావరి జిల్లాలవారికి, ఎవరూ నేర్పనవసరం లేదు కనుక ఆ పాఠం ఇక్కడ తక్కువగానే ఉంటుంది. మన ప్రయత్నాలు తరచుగా తడబడేది నవ్వు కింద ఉండవలసిన ఆధారం దగ్గర. అందుచేత ఈ అడుగుల్లో సగం ఆధారాల గురించే ఉంటాయి.

ముందుగా నమూనా తేల్చుకోండి

ఈ కార్యక్రమాల్లో స్థూలంగా మూడు పద్ధతులు కనిపిస్తాయి. ‘శాటర్డే నైట్ లైవ్’లో 1975 నుంచి వస్తున్న ‘వీకెండ్ అప్‌డేట్’ వార్తకో చురక చొప్పున గబగబా సాగిపోతుంది. 1996లో కామెడీ సెంట్రల్‌లో మొదలై, 1999 నుంచి 2015 వరకు స్టూవర్ట్ నడిపిన ‘ది డైలీ షో’ నాయకుల పాత మాటలనూ కొత్త మాటలనూ పక్కపక్కన వేసి చూపించడంలో ఆరితేరింది. 2014 ఏప్రిల్‌లో హెచ్‌బీఓలో మొదలైన ఆలివర్ కార్యక్రమం ‘లాస్ట్ వీక్ టునైట్’ సాధారణంగా వారానికి ఒక పెద్ద విషయాన్ని తీసుకుని, పావుగంటో అంతకు మించో దానిమీదే నిలుస్తుంది.

మీరు ఒక్కరో ఇద్దరో అయితే మూడో పద్ధతినే కుదించి వాడుకోండి. మొదటి పద్ధతికి కుప్పలుగా జోకులు రాసి వాటిలో చాలావాటిని పారేయగలిగే రచయితల గది కావాలి. అమెరికాలో రచయితల సంఘం 2007లోనూ 2023లోనూ సమ్మెకు దిగినప్పుడు అన్నిటికంటే ముందుగా ఆగిపోయినవి ఈ రాత్రి కార్యక్రమాలే. తెరమీద ఒక్కరే కనిపించినా వెనుక ఎంతమంది చేయి ఉంటుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. పైగా రోజువారీ చురక మర్నాటికే పాతబడుతుంది. ఒక వంతెన ఎందుకు ఆగిపోయిందో చెప్పే భాగం ఆ వంతెన పూర్తయ్యేదాకా, అంటే మన దగ్గర చాలాకాలం పాటు, పనికివస్తుంది.

కావలసినవి

- ఒక విషయం, దానిమీద కనీసం వారం రోజుల తీరిక.
- ఆధారాలు భద్రపరచుకోవడానికి ఒక ఫైలు. కంప్యూటర్‌లో అయినా సరే, నోటుపుస్తకంలో అయినా సరే.
- మంచి మైకు ఒకటి. కెమెరాకు ఫోను చాలు. బొమ్మ కాస్త మసకబారినా ప్రేక్షకులు ఓర్చుకుంటారు గాని మాట వినబడకపోతే ఓర్చుకోరు.
- మీ రాజకీయ అభిప్రాయంతో ఏకీభవించని ఒక స్నేహితుడు లేదా బంధువు. ఇది హాస్యానికి అంటున్న మాట కాదు. చివరి పరీక్షకు ఆ మనిషి తప్పనిసరి, మన ఇళ్లలో అటువంటివారికి కొరత కూడా లేదు.

కింది అడుగులు తేలికగా అర్థం కావడానికి ఒక కల్పిత ఉదాహరణను వెంట తీసుకువెళదాం. ఒక ఊరి వాగు మీద వంతెనకు వేర్వేరు ప్రభుత్వాల కాలంలో మూడుసార్లు శంకుస్థాపన జరిగింది. గట్టు మీద మూడు శిలాఫలకాలు ఉన్నాయి, వంతెన మాత్రం లేదు.

అడుగు 1: విషయాన్ని ఎంచుకోండి

విషయానికి మూడు లక్షణాలు ఉండాలి. చెప్పినదానికీ చేసినదానికీ మధ్య ఒక వైరుధ్యం కనిపించాలి, ఆ వైరుధ్యం కాగితం మీదో వీడియోలోనో రుజువై ఉండాలి, దానివల్ల నష్టపోతున్న మనుషులు ఎవరో తెలియాలి. వంతెన ఉదాహరణలో ఈ మూడూ ఉన్నాయి. ‘ఫలానా నాయకుడు సభలో మాట తడబడ్డాడు’ అన్న విషయంలో మొదటిది కూడా లేదు. నోరు తిరగకపోవడం వైరుధ్యం కాదు, దానిమీద పది నిమిషాలు నవ్వినా ప్రేక్షకుడికి కొత్తగా తెలిసేది శూన్యం.

హెచ్చరిక: ప్రమాదం, మరణం, అత్యాచారం వంటివి జరిగిన తొలి రోజుల్లో ఆ విషయాన్ని ముట్టుకోవద్దు. తరువాత ముట్టుకున్నా మీ వ్యంగ్యం గురి అధికారంలో ఉండి పని చేయనివారి మీదే ఉండాలి, బాధితుల మీద దాని నీడ కూడా పడకూడదు.

అడుగు 2: ఆధారాల ఫైలు తయారుచేయండి

ఒక్క జోకు కూడా రాయకముందే ఈ పని ముగించాలి. ఫైలులో ప్రతి అంశానికీ నాలుగు గడులు పెట్టండి: ఏం జరిగింది, ఏ తేదీన, ఎవరు చెప్పారు, అసలు పత్రం లేదా పూర్తి వీడియో ఎక్కడ ఉంది. నాలుగో గడి ఖాళీగా ఉన్న అంశం ఎంత రుచిగా ఉన్నా మీ ప్రతి (స్క్రిప్టు)లోకి రాకూడదు.

ఎక్కడ వెతకాలన్నది చాలామంది ఎదుర్కొనే ఇబ్బంది. రాష్ట్ర బడ్జెట్ పత్రాల్లో ఆ పనికి ఎంత కేటాయించారో ఉంటుంది, ఖర్చు తీరు మీద కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ) నివేదికల్లో వ్యాఖ్య దొరకవచ్చు. శాసనసభలో సభ్యులు అడిగిన ప్రశ్నలకు మంత్రులు ఇచ్చిన రాతపూర్వక జవాబులు బంగారం వంటివి, ఎందుకంటే అవి తొందరలో నోరు జారిన మాటలు కావు. అభ్యర్థుల ఆస్తులు, కేసుల వివరాలు వారు ఎన్నికల సంఘానికి ఇచ్చిన అఫిడవిట్లలోనే ఉంటాయి. ఇవేవీ చాలనప్పుడు 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. సాధారణంగా 30 రోజుల్లోగా జవాబు ఇవ్వాలి కనుక ఆ లెక్కన ముందే పెట్టుకోవాలి. జవాబు రాకపోతే అది కూడా ఒక ఆధారమే, దరఖాస్తు రసీదును తెరమీద చూపించవచ్చు.

వాట్సాప్‌లో వచ్చిన వార్తా కత్తిరింపును ఆధారంగా ఎన్నటికీ తీసుకోవద్దు. దినపత్రిక పేజీలా కనిపించే నకిలీ బొమ్మలు, టీవీ ఛానల్ ముద్ర వేసిన నకిలీ బ్రేకింగ్ న్యూస్ పలకలు మన భాషలో విరివిగా తిరుగుతున్నాయి. ఆ పత్రిక ఆ తేదీ సంచికను తెరిచి మీ కళ్లతో చూసిన తరువాతే నాలుగో గడి నింపండి.

అడుగు 3: వాదనను ఒక్క వాక్యంలో రాయండి

‘వంతెన కట్టలేదు’ అన్నది వాదన కాదు, సమాచారం. ‘శంకుస్థాపనకు ఖర్చు తక్కువ, ఫొటో ఎక్కువ కాబట్టి వంతెన కట్టడం కంటే మళ్లీ మళ్లీ శంకుస్థాపన చేయడమే ప్రతి ప్రభుత్వానికీ లాభసాటిగా ఉంది’ అన్నది వాదన. ఈ వాక్యం దొరికేదాకా ముందుకు వెళ్లకండి. దొరికిన తరువాత దానికి చెందని ప్రతి అంశాన్నీ పక్కన పెట్టండి.

వీలైతే చూసినవారు చేయగల పని ఒకటి కూడా ఇక్కడే నిర్ణయించుకోండి. 2014 జూన్ 1న ఆలివర్ ఇంటర్‌నెట్ తటస్థత (నెట్ కంపెనీలు అన్ని వెబ్‌సైట్లనూ సమానంగా చూడాలన్న సూత్రం) మీద ఒక భాగం చేసి, అమెరికా కమ్యూనికేషన్ల కమిషన్‌కు అభిప్రాయాలు రాయమని ప్రేక్షకులను కోరినప్పుడు వెల్లువెత్తిన వ్యాఖ్యలకు ఆ కమిషన్ వెబ్‌సైటు తట్టుకోలేకపోయింది. 2015 ఫిబ్రవరిలో కమిషన్ తటస్థతకు అనుకూలంగా నిబంధనలు ఆమోదించింది. అదంతా ఒక్క హాస్యగాడి పుణ్యమే అనుకోవడం అతిశయోక్తి. అయితే ఆయన చెప్పిన పని నిర్దిష్టమైనదని గమనించండి: అభిప్రాయాలు స్వీకరిస్తున్న సమయం అది, రాయవలసిన చోటు ఫలానాది. ‘మేలుకో యువతా’ అన్న పిలుపుకంటే ‘రాబోయే గ్రామసభలో ఈ ప్రశ్న అడగండి’ అన్నది ఎంతో మేలు.

అడుగు 4: క్లిప్పులు కూర్చండి

పాత హామీ, కొత్త హామీ, వాటి తేదీలు, పక్కన ఈనాటి వాగు దృశ్యం. ఇంతకంటే అలంకారం అవసరం లేదు. స్టూవర్ట్ పద్ధతిలోని బలమంతా క్లిప్పు ముగిసిన తరువాత ఆయన పెద్దగా ఏమీ అనకపోవడంలోనే ఉంటుంది. మీరు కూడా క్లిప్పు తరువాత రెండు క్షణాలు మౌనంగా ఉండండి.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే, అది క్షమార్హం కానిది: మాటను సందర్భం నుంచి కోసివేయడం. ఎంచుకున్న ముక్కకు ముందూ తరువాతా కనీసం ఒక నిమిషం వీడియో చూడండి. అది చూసిన మనిషికి మీ కోత మోసం అనిపించేటట్లయితే ఆ క్లిప్పును వదిలేయండి.

చట్టసభల దృశ్యాల విషయంలో అదనపు జాగ్రత్త కావాలి. సభాపతి రికార్డుల నుంచి తొలగించిన మాటలను ప్రచారం చేస్తే సభాహక్కుల ఉల్లంఘన కిందకు వస్తుంది. ఇది మనకే పరిమితమైన బాధ కాదు. పార్లమెంటు దృశ్యాలను వ్యంగ్యానికి వాడరాదన్న నిబంధన కారణంగా 2011లో ‘ది డైలీ షో’ సంచిక ఒకటి బ్రిటన్‌లో ప్రసారం కాలేదు.

అడుగు 5: నవ్వు లేని ప్రతి రాయండి

ఒక్క జోకు కూడా లేకుండా, దినపత్రిక వ్యాసంలా, మొత్తం విషయాన్ని మొదటి నుంచి చివరి వరకు రాయండి. బిగ్గరగా చదివితే మూడున్నర నిమిషాలు దాటకూడదు. ఆలివర్ కార్యక్రమంలోనూ పరిశోధకులు ముందుగా విషయాన్ని తవ్వి, అది నిలబడుతుందని తేలిన తరువాతే హాస్యం పని మొదలవుతుంది. ఈ అడుగును దాటవేసినవారి ప్రతులను చూడగానే పోల్చుకోవచ్చు: మొదటి నిమిషంలో మూడు చక్కటి జోకులు ఉంటాయి, ఆ తరువాత తిట్లు మొదలవుతాయి.

అడుగు 6: నవ్వు చేర్చండి

ఇప్పుడు ప్రతిలో వినేవాడు అలసిపోయే చోట్లు గుర్తించండి. అంకెలు, చట్టం పేర్లు, తేదీల వరుస వచ్చే చోట్లు అవే. జోకు అక్కడికే రావాలి. ప్రతి జోకూ ముందు వాక్యంలోని నిజం నుంచే పుట్టాలి. వంతెన విషయంలో ఈ రెండింటిని పోల్చి చూడండి.

మొదటి ప్రయత్నం: ‘ఈ నాయకులకు సిగ్గుందా? వీళ్ల మొహాలకు వంతెన ఒకటా?’ ఇందులో కోపం ఉంది, జోకు లేదు.

రెండో ప్రయత్నం: ‘నిధులు లేవు కాబట్టి వంతెన ఆగిందని అంటున్నారు. శిలాఫలకాలకు మాత్రం నిధులు ఆగలేదు. ఆ మూడు ఫలకాలూ వాగులో వరసగా పడుకోబెడితే సగం దాటేయవచ్చు. ఇంకో మూడు ఎన్నికలు వస్తే అవతలి గట్టుకు చేరతాం.’ ఇక్కడ ఎవరినీ తిట్టలేదు, ఎవరి పేరూ లేదు. గట్టు మీద ఉన్న వస్తువునే చూపించాం, వాదన కూడా అందులోనే చేరిపోయింది.

తెలుగు వాక్యంలో ఒక చిక్కు ఉంది. మన క్రియ చివర వస్తుంది కనుక నవ్వించే మాట మధ్యలోనే వెళ్లిపోయి, చివర ‘అని ఆయన తెలియజేశారు’ మిగిలిపోతుంది. ప్రేక్షకుడు నవ్వబోయే క్షణంలో మీరింకా మాట్లాడుతూ ఉంటారు. ‘ఇదే చివరి శంకుస్థాపన అని మంత్రిగారు మూడో శంకుస్థాపనలో హామీ ఇచ్చారు’ అనే బదులు, ‘మూడో శంకుస్థాపనలో మంత్రిగారు ఇచ్చిన హామీ ఒక్కటే: ఇదే చివరి శంకుస్థాపన’ అని తిప్పి రాయండి. ఆంగ్ల కార్యక్రమాలను అనుసరించి రాసేవారు అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతినేది ఈ వాక్యనిర్మాణం దగ్గరే కనుక ప్రతిలోని ప్రతి జోకునూ చివరి మాట ఏమిటో చూసి సవరించుకోండి.

యాస గురించి కూడా ఒక మాట. వీ6 ఛానల్ ‘తీన్మార్ వార్తలు’, అందులోని బిత్తిరి సత్తి పాత్ర తెలంగాణ మాటతీరులో వార్తనూ వ్యంగ్యాన్నీ కలిపి ఎంత దూరం వెళ్లవచ్చో చూపించాయి. ఆ మాట నడిపించేవారి సొంతం కావడంతోనే అది పండింది. మీరు పుట్టి పెరిగిన యాసలో మాట్లాడండి, పక్క ప్రాంతపు యాసను నవ్వు కోసం అరువు తెచ్చుకోవద్దు.

అడుగు 7: చట్టం దృష్టితో ఒకసారి చదవండి

అమెరికా కార్యక్రమాల ధైర్యం చూసి అదే రక్షణ మనకూ ఉందనుకోవడం ప్రమాదకరం. అక్కడ 1964 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం, ఒక ప్రభుత్వాధికారి పరువునష్టం దావా గెలవాలంటే చెప్పినవారు అబద్ధమని తెలిసి చెప్పారనో, నిజానిజాలను బొత్తిగా పట్టించుకోలేదనో రుజువు చేయాలి. తరువాతి తీర్పులు దీన్ని ఇతర ప్రముఖులకూ విస్తరించాయి. 2017లో బొగ్గు పరిశ్రమ మీద చేసిన భాగానికి ఒక గనుల యజమాని ఆలివర్ మీద దావా వేయగా, 2018లో న్యాయస్థానం దాన్ని కొట్టివేసింది.

మన దగ్గర పరువునష్టం నేరం కూడా. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు సాధారణ జైలు, జరిమానా లేదా సమాజ సేవ శిక్షగా పడవచ్చు. చెప్పింది నిజమైతే చాలదు, అది ప్రజాహితం కోసం చెప్పినదై ఉండాలి. ప్రభుత్వోద్యోగి తన విధి నిర్వహణలో ప్రవర్తించిన తీరు మీద సద్బుద్ధితో చెప్పే అభిప్రాయానికి మినహాయింపు ఉంది. కాబట్టి ప్రతిలో మూడు రంగుల పెన్నులతో గీతలు గీయండి: నిరూపించగల వాస్తవం ఒక రంగు, మీ అభిప్రాయం ఒక రంగు, ఎవరూ నిజమని నమ్మలేనంతటి అతిశయోక్తి ఒక రంగు. ఏ రంగుకూ చెందకుండా మిగిలిన వాక్యాలే మిమ్మల్ని కోర్టుకు తీసుకువెళతాయి. ‘లంచం తిన్నాడు’ అన్నది సాధారణంగా ఆ కోవలోని వాక్యమే. కొట్టివేయండి.

ఇతరుల వీడియోలను విమర్శ కోసం, వర్తమాన సంఘటనల నివేదన కోసం సముచితంగా వాడుకోవడాన్ని 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ అనుమతిస్తుంది. అయినా ఇతరుల వీడియోలను గుర్తుపట్టి అడ్డుకునే యూట్యూబ్‌లోని యంత్రం సెక్షన్లు చదవదు. క్లిప్పులు కొద్ది సెకన్లకే పరిమితం చేసి, ప్రతి క్లిప్పు మీదా మీ వ్యాఖ్య ఉండేటట్లు చూసుకోండి. ఎన్నికల సమయంలో పోలింగ్ ముగిసే వేళకు ముందు 48 గంటల పాటు టీవీలో, అటువంటి సాధనాల్లో ఎన్నికల అంశాల ప్రదర్శనను ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్ నిషేధిస్తుందని కూడా గుర్తుంచుకోండి. అనుమానం ఉన్నచోట న్యాయవాదిని అడగడమే క్షేమం.

అడుగు 8: చదవండి, కోయండి, రికార్డు చేయండి

ఇద్దరు ముగ్గురి ఎదుట ప్రతిని బిగ్గరగా చదవండి. నవ్వు రాని జోకును వివరించి కాపాడే ప్రయత్నం చేయకుండా తీసివేయండి. రికార్డు చేసేటప్పుడు మీ జోకుకు మీరు నవ్వకండి, టీవీ హాస్య కార్యక్రమాల్లో వినిపించే అరువు నవ్వులు కలపకండి. బల్ల, వెనుక సాదా గోడ, భుజం పక్కన ఒక బొమ్మ చాలు.

ప్రత్యామ్నాయం: వీడియో కుదరనివారికి, కళాశాల వేదికల మీదా అమెరికాలోని తెలుగు సంఘాల సభల్లోనూ ప్రదర్శించదలచినవారికి బుర్రకథ ఎప్పటినుంచో సిద్ధంగా ఉంది. కథకుడు విషయం చెబుతాడు, వంతలలో ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం అందుకుంటారు. అడుగు 5లోని నవ్వు లేని ప్రతిని కథకుడికీ, వాదనను రాజకీయ వంతకూ, జోకులను హాస్య వంతకూ ఇచ్చి చూడండి. ఒక్కరే బల్ల దగ్గర కూర్చుని మూడు పనులూ చేయడంకంటే ఇది కొత్తవారికి సులభం.

తరచుగా జరిగే పొరపాట్లు

మిమిక్రీని వ్యంగ్యమనుకోవడం అన్నిటిలో పెద్దది. నాయకుడి గొంతు అచ్చంగా దింపితే చప్పట్లు వస్తాయి, కాని ఆ గొంతుతో ఆయన ఎన్నడూ చేయని ఆలోచన చేయించకపోతే మీరు ఆయనకు ఉచిత ప్రచారం చేసినట్లే.

ఒంటి రంగు, బరువు, నత్తి, కులం, ఇంటి ఆడవాళ్లు: వీటి మీద వేసే జోకు మీ వాదనను ఆ క్షణమే చంపేస్తుంది. ప్రత్యర్థి దానికి జవాబు చెప్పనవసరం లేకుండా గాయపడినట్లు కనిపిస్తే చాలు, చర్చ వంతెన మీద నుంచి మీ సంస్కారం మీదికి మళ్లుతుంది.

సమతూకం కోసం చేసే కసరత్తు మరో పొరపాటు. ఒక పార్టీ మీద నాలుగు జోకులు వేశాం కాబట్టి రెండో పార్టీ మీదా నాలుగు వేయాలన్న నియమం ఎక్కడా లేదు. తప్పు ఎక్కడ ఎంత ఉందో అంతే చూపించండి. అయితే మీరు ఎంచుకునే విషయాలన్నీ ఒకే పార్టీ వైపు తిరుగుతున్నాయేమో ప్రతి ఐదారు భాగాలకూ ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోవాలి. తిరుగుతున్నట్లయితే మీరు చేస్తున్నది ప్రచారం.

ఫలితాన్ని ఎలా పరీక్షించాలి

విడుదలకు ముందు రెండు పరీక్షలు చేయండి. జోకులన్నీ తీసేసి చదివితే వాదన నిలబడాలి. ఆపైన, ముందే సిద్ధం చేసుకున్న ఆ ఏకీభవించని బంధువుకు చూపించండి. ఆయన ‘నువ్వు మా పార్టీ అంటే పడనివాడివి’ అంటే ఫరవాలేదు. ‘ఆ తేదీ తప్పు’ అంటే పని ఆపి ఫైలు తెరవాలి.

విడుదల తరువాత ఎంతమంది చూశారన్న లెక్క కంటే, చూసిన నలుగురిని మర్నాడు పిలిచి ఏం గుర్తుందో అడగడం ఎక్కువ ఉపయోగం. ‘భలే నవ్వించారండీ’ అని ఆగిపోతే అడుగు 3 దగ్గర లోపం ఉంది. ‘మూడుసార్లు శంకుస్థాపన చేశారట కదా, అసలు నిధులు ఎటు పోయాయి?’ అని తిరిగి అడిగితే పని జరిగినట్లే.

వాస్తవంలో తప్పు దొరికితే వీడియోను గుట్టుగా మార్చకుండా, తరువాతి భాగం మొదట్లోనే సవరణ చెప్పండి. ఇక ఆధారాల ఫైలును విడుదలతో పారేయవద్దు. పరువునష్టం నేరాభియోగానికి కాలపరిమితి మూడేళ్లు కనుక అసలు వీడియోలు, పత్రాల నకళ్లు, దరఖాస్తు రసీదులు కనీసం అంతకాలం రెండు వేర్వేరు చోట్ల భద్రపరచండి.